నట్టల మందూ, ఎత్తిన తలలూ

గొర్రెకి మందు తాగించడంలో ఏముంది అంటారు జనం. నోరు తెరువు, పొయ్యి, వదిలెయ్యి, అంతేగా అంటారు. అలా అనేవాళ్లని వరసగా బల్ల మీద కూర్చోబెట్టి, తల వెనక్కి విరిచి, గొంతులో చెంబెడు నీళ్లు ఒక్కసారిగా కుమ్మరిస్తే అప్పుడు తెలుస్తుంది ఏముందో. మందక్క ఈ మాట చాలామందికి మొహం మీదే అనేసింది. ఆవిడ నోటికి జంకూ లేదు, గొంకూ లేదు.

మందక్క అంటే పశువుల ఆసుపత్రిలో ఇరవయ్యారేళ్లుగా మందులు తాగించే ఆవిడ. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉందిగానీ, అది జీతం కాయితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆసుపత్రి అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు గదులు, ముందు రేకుల పంచ, పంచలో ఆవుల్ని నిలబెట్టే ఇనప చట్రం, మందుల గదిలో తలుపు సరిగా పడని బీరువా, మూలన ఎప్పుడూ ఏడు కిలోలు ఎక్కువ చూపించే తూకం మిషను. దాన్ని నమ్మితే పిల్లకి తల్లి మోతాదు పడుతుందని, మందక్క పశువు ఛాతీ చుట్టూ టేపు చుట్టి బరువు లెక్క కట్టేది. ఆ టేపు మొగుడిది. ఆయన దర్జీ.

కడుపులో నట్టల పురుగులు పడిన పశువుకి మందు ఎంత ముఖ్యమో, ఆ మందు కడుపులోకే పోవడం అంతకంటే ముఖ్యం. గొర్రె నోటి పక్కన, ముందు పళ్లకీ దవడ పళ్లకీ మధ్య పళ్లు లేని సందు ఉంటుంది. ఆ సందులోంచి గన్ను మూతి లోపలికి పోనిచ్చి, నాలుక మీదుగా నిదానంగా వదలాలి. గన్నంటే తుపాకీ కాదు లెండి, నొక్కితే కొలత ప్రకారం మందు వదిలే పంపు. గొర్రె తల దాని వీపుకి సమంగా ఉండాలి. ముక్కు కంటికంటే పైకి లేవకూడదు. గుటక వేసేదాకా ఆగాలి. తల పైకెత్తి పోశామా, కడుపులోకి పోవాల్సింది కాస్తా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనకి పొలమారితే నాలుగుసార్లు దగ్గి, ఎవరో తలుచుకుంటున్నారులే అని నవ్వుకుంటాం. గొర్రెకి ఇలా పొలమారితే మూడు రోజుల్లో పోతుంది.

ఇదంతా కొట్టిన పిండి అయిన మనిషే, ఆ సోమవారం పదిహేను గొర్రెల తలలు పైకెత్తింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎవరి మీద ఎక్కువ అంటే చెప్పలేదు. డాక్టరు మీద కొంత, ఫోను మీద కొంత, మిగిలిందంతా తన మీదే.

అసలు తగువంతా ఫోనుతో వచ్చింది. వానలు మొదలయ్యాక పైనుంచి కొత్త ఉత్తర్వు దిగింది. నట్టల మందు తాగించిన ప్రతి పశువుకీ ఫోటో తియ్యాలి. ఫోటోలో చెవి బిళ్ల మీది నంబరు కనపడాలి, మొహం కనపడాలి, నోట్లో గన్ను కనపడాలి. మూడూ కనపడితే ఫోను పచ్చ గుర్తు పెడుతుంది, లేకపోతే ఎర్ర గుర్తు. ఎర్ర గుర్తు పడిన పశువుకి మందు పోసినా పోయనట్టే లెక్క. ఈ పద్ధతి కనిపెట్టిన మహానుభావుడెవరోగానీ, జన్మలో గొర్రెని దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. చెవులు వేలాడేసుకుని తల వంచుకున్న గొర్రె మొహం ఏ ఫోనుకి కనపడుతుంది? పెళ్లిచూపుల్లో పిల్లలా తలెత్తి చూడమ్మా అంటే చూస్తుందా?

ఆవుల దగ్గర ఎలాగో నెట్టుకొచ్చారు. చట్రంలో నిలబెడితే ఆవు మొహం దానంతటదే ఫోను ఎత్తుకి వస్తుంది. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి బండి ఆగిపోయింది. డాక్టరు కొత్తవాడు, ముప్పై దాటలేదు. చెడ్డవాడని అనలేం. పశువు పక్కన మోకాళ్ల మీద కూర్చోడానికి వెనకాడడు, రాత కూడా ముత్యాల్లా ఉంటుంది. కాకపోతే రోజూ పొద్దున తొమ్మిదింటికి పెద్దాఫీసు నుంచి ఫోను వచ్చేది. "మీ శాతం ఎంత?" అని ఒక్కటే ప్రశ్న. ఆ ఫోను పెట్టేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. గొర్రెకి నట్టలు పట్టినా అంతే, కనురెప్ప తిరగేస్తే లోపల తెల్లగా ఉంటుంది.

ఆ సోమవారం గొడుగత్త దొడ్డిలో మందు తాగించే పని పెట్టుకున్నారు. గొడుగత్త అరవై దాటిన మనిషి. అందరూ గొర్రెల్ని కర్రతో తోలితే ఆవిడ మడిచిన నల్ల గొడుగుతో తోలుతుంది. కొడుకు లారీ తోలుతూ నెలకోసారి ఇల్లు చూస్తాడు. అత్తా కోడలూ ఇద్దరే అరవై నాలుగు గొర్రెల్ని సాకుతున్నారు. ఆ ఏడు వాన పడి, గడ్డి తేమగా పెరిగి, గడ్డితోపాటు నట్టల పిల్లలూ గొర్రెల కడుపుల్లోకి చేరాయి. ఎర్రగా వెంట్రుకంత సన్నంగా ఉండే పురుగులు, కడుపు గోడకి అతుక్కుని నెత్తురు తాగుతాయి. మందలో సగం గొర్రెలకి కనురెప్పలు పాలిపోయాయి, పది గొర్రెలకి దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. "ఆలస్యం చేశావేంటత్తా?" అంది మందక్క. "మూడు వారాల్నుంచి మీ ఆసుపత్రి చుట్టూ తిరుగుతున్నాను. ఫోటోల పని తేలాకే గొర్రెలు అన్నారు. ఆలస్యం నాదా?" అంది గొడుగత్త. మందక్క గన్ను నింపడం మొదలుపెట్టింది.

మొదటి తొమ్మిది గొర్రెలకీ మందక్క పద్ధతిగానే పోసింది. తొమ్మిదింటికీ ఎర్ర గుర్తే.

"అక్కా, తల కాస్త పైకి పట్టండి," అన్నాడు డాక్టరు, ఫోను అడ్డంగా తిప్పుతూ.

"పైకెత్తకూడదు సార్. మీరు చదువుకున్నారు, నేను మీకు చెప్పాలా?"

"తెలుసండీ. ఒక్క సెకనే కదా. తొమ్మిది పోశాం, లెక్కలో సున్నా ఉంది. రేపు పొద్దున నన్ను ఏమంటారో మీకేం తెలుసు?"

"మిమ్మల్ని అంటే మీరు పడతారు. గొర్రె తట్టుకోలేదు సార్."

"అక్కా, మీకు చేయి తిరిగిన పని. మీ చేతిలో ఏమీ కాదు. ప్లీజ్," అన్నాడు ఆయన. ఆ గొంతులో గదమాయింపు ఉంటే మందక్క పైకి లేచి, గన్ను కింద పెట్టి, నాలుగు దులిపి ఇంటికి పోయేది. గదమాయింపు లేదు, బతిమాలాట ఉంది. మీ చేతిలో ఏమీ కాదు అన్న మాట కూడా ఉంది. ఇరవయ్యారేళ్లలో అలాంటి మెచ్చుకోలు ఆవిడకి ఎవరూ ఇచ్చింది లేదు.

"సరే," అంది.

పదో గొర్రె తల పైకెత్తింది. పచ్చ గుర్తు పడింది. గొర్రె రెండుసార్లు దగ్గింది. "పొలమారింది సార్," అంది మందక్క. "సర్దుకుంటుందిలెండి," అన్నాడు డాక్టరు, ఫోను వైపే చూస్తూ. అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. పదకొండోదీ ఎత్తింది, పన్నెండోదీ ఎత్తింది. డాక్టరు కూడా మొహం వెలిగించుకుని వరసగా ఫోటోలు తీశాడు. ఇరవై నాలుగో గొర్రె దగ్గరికి వచ్చేసరికి కుండపోతగా వాన పట్టుకుంది. మిగతా నలభై గొర్రెలకి ఎల్లుండి వస్తామని చెప్పి ఇద్దరూ తడుస్తూ ఆసుపత్రికి పరిగెత్తారు.

ఎల్లుండి రానే లేదు, మర్నాడే కబురొచ్చింది. ఒక గొర్రె ముక్కులోంచి నురగ కారుస్తూ పొద్దున్నే పోయింది. బుధవారం ఇంకోటి పోయింది, మరో ఆరు ఎగశ్వాస తీస్తున్నాయి. గొడుగత్త రెండు గొర్రెల్నీ పాతిపెట్టి, దొడ్డి గేటుకి గొలుసు వేసి, పక్కనున్న రెండు మందలవాళ్లకి కూడా చెప్పేసింది. ఆ మందు విషం, చచ్చినా దగ్గరికి రానివ్వద్దు అని. డాక్టరు చూసొస్తానని వెళ్తే గేటు దగ్గర్నుంచే తిప్పి పంపింది.

గురువారం పొద్దున మందక్క ఆసుపత్రిలోకి అడుగుపెట్టేసరికి డాక్టరు బల్ల మీద ఒక కాయితం పెట్టుకుని కూర్చున్నాడు. "అక్కా, సాక్షి సంతకం మీది కావాలి," అని ఆ కాయితం ముందుకు జరిపాడు. మందక్క నిలబడే చదివింది. గొర్రెలు అప్పటికే నట్టల వల్ల బాగా నీరసించి ఉన్నాయి, యజమాని సకాలంలో తీసుకురాలేదు, పోషణ సరిగా లేదు, మరణానికి అదే కారణం. ముత్యాల్లాంటి అక్షరాల్లో ఎంత చక్కటి అబద్ధం రాశాడో అనుకుంది. ఒళ్లు మండిపోయింది.

"సకాలంలో తీసుకురాలేదా? మూడు వారాలు మన గుమ్మం ముందు నిలబడింది ఎవరు సార్, మా మేనత్తా?"

"అక్కా, నెమ్మదిగా. ఇలా రాస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మీకు కూడా. గన్ను పట్టుకున్నది మీరే కదా."

"బెదిరిస్తున్నారా?"

"లేదండీ బాబూ. ఉన్నమాట చెప్తున్నా."

ఉన్నమాటే. అదే ఆవిడ గుండెలో కలుక్కుమంది. కాయితం వెనక్కి తోసేసి అడిగింది. "సరే, ఇది పోనివ్వండి. ఆ మిగతా నలభై సంగతేంటి? దవడ కింద నీరు దిగినవి చాలావరకు వాటిలోనే ఉన్నాయి. ఇవాళో రేపో మందు పడకపోతే ఒక్కొక్కటే రాలిపోతాయి. పక్క మందలు రెండూ అంతే. వాళ్లూ గేట్లు వేసుకున్నారు."

"వాళ్లే వద్దంటుంటే మనం ఏం చేస్తాం? నిరాకరించారు అని రాసేస్తాను. దానికి వేరే కాలమ్ ఉంది."

ఇన్ని ప్రాణాల సంగతి ఒక గడిలో పెట్టేసి చేతులు దులుపుకుంటున్న మనిషితో మందక్క ఏం మాట్లాడుతుంది? ముందు గొర్రెలు చస్తాయి, తర్వాత అవి చచ్చింది మందు వల్లేనని జనం నమ్ముతారు, ఆ తర్వాత వచ్చే ఏడు కూడా ఎవడూ మందు ముట్టుకోడు. ఇదంతా తప్పాలంటే ఒక్కటే దారి. మందు మంచిదే, పోసిన పద్ధతి తప్పు అని గొడుగత్తకి చెప్పాలి. పోసిన పద్ధతి తప్పు అంటే, పోసిన చెయ్యి ఎవరిది అని అడుగుతుంది.

మధ్యాహ్నం ఇంటికి పోయింది. ఇల్లంటే ముందు గదిలో కుట్టుమిషను, వెనక గదిలో వాళ్లిద్దరు. దర్జీ ఏదో ప్యాంటు మడత ఊడదీస్తూ కూర్చున్నాడు. ఆవిడ చెప్పిందంతా నోట్లో గుండుసూదులు పెట్టుకుని విన్నాడు.

"ఇప్పుడు నువ్వు వెళ్లి నేనే తప్పు చేశానంటే ఏమవుతుంది?" అన్నాడు సూదులు తీసి.

"ఉద్యోగం పోతుందేమో."

"డాక్టరుకి ఒక చీవాటు, నీకు శాశ్వతంగా సెలవు. అంతే. ఆయనకి చదువుంది, ఇంకో చోటికి పోతాడు. నువ్వెక్కడికి పోతావు, నా మిషను తొక్కుతావా? నీకు గుండీ కుట్టడం కూడా రాదు."

"నువ్వు నేర్పలేదు కాబట్టి."

"నేర్పితే నువ్వు విన్నదెప్పుడు?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "చూడూ, నేను ఒకసారి తెలిసి తెలిసి ఒకాయన చొక్కా బట్ట అడ్డంగా కత్తిరించాను. తొందర చేశారని. మర్నాడు చొక్కా పాడైంది, బట్ట మంచిది కాదు అని చెప్పేశాను. ఇరవయ్యేళ్లయింది. ఆ మనిషి ఇప్పటికీ ఆ బట్టల కొట్టుకి పోడు. కొట్టువాడు నాకు రోజూ నమస్కారం పెడతాడు. నేను వాడి మొహం చూడలేను," అన్నాడు.

"అయితే వెళ్లమంటావా?"

"అన్నం తిని వెళ్లు," అన్నాడు దర్జీ, ప్యాంటు మళ్లీ అందుకుంటూ.

తిని వెళ్లింది. మందు డబ్బా, గన్ను, కత్తి, చేతి తొడుగులు సంచిలో వేసుకుంది. డాక్టరుకి ఫోను చేసి, "నేను గొడుగత్త దొడ్డికి పోతున్నాను. పొద్దున ఇంకో గొర్రె పోయిందట. దాన్ని కోసి చూడాలి. మీరు వస్తే మీరు కోస్తారు, రాకపోతే నేను కోస్తాను," అని పెట్టేసింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుందని ఆయనకి తెలుసు. దొడ్డి మలుపు తిరిగేసరికి వెనకాలే మోటారు సైకిలు చప్పుడు వినపడింది.

గొడుగత్త గేటు లోపలే నిలబడింది. గొలుసు తియ్యలేదు. పక్క మందలవాళ్లిద్దరు కూడా అక్కడే ఉన్నారు, అన్నదమ్ములు, ఇద్దరూ చేతులు కట్టుకుని.

"చంపింది చాల్లేదా? ఇంకా ఎన్నున్నాయో లెక్క చూసుకోడానికి వచ్చారా?" అంది గొడుగత్త.

"లెక్కకి రాలేదత్తా. పొద్దున పోయినదాన్ని కోసి చూద్దాం. అది ఎందుకు చచ్చిందో నీ కళ్లతో నువ్వే చూడు. అప్పటికీ పొమ్మంటే పోతాను."

"ఎందుకు చచ్చిందో నాకు తెలీదా? మీ తెల్లమందు తాగి చచ్చింది."

"మొదటి తొమ్మిది గొర్రెలూ అదే మందు తాగాయి. వాటిల్లో ఒక్కటైనా దగ్గిందా?"

గొడుగత్త కోడలి వైపు చూసింది. కోడలు కాసేపు ఆలోచించి, "లేదత్తయ్యా. అవి బాగానే మేస్తున్నాయి. ఆ ఏడో నంబరుదైతే నిన్నటి నుంచి గేటు పొడుస్తోంది," అంది. గొలుసు తియ్యడానికి ఇంకా కొంతసేపు పట్టింది, కానీ తీసింది.

చచ్చిన గొర్రెని వేపచెట్టు నీడలో గోనెపట్టా మీద పడుకోబెట్టారు. డాక్టరు తొడుగులు వేసుకుని కత్తి అందుకున్నాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు. ముందు ఛాతీ తెరిచాడు. గులాబి రంగులో, దూదిలా తేలికగా ఉండాల్సిన ఊపిరితిత్తులు కింది సగం నల్లగా, కార్జంలా గట్టిపడి ఉన్నాయి. గాలి గొట్టాన్ని నిలువుగా చీల్చాడు. లోపల, కొమ్మల్లా చీలిన సన్నటి గొట్టాల దాకా, తెల్లటి మందు గడ్డకట్టి కనపడింది. ఆ రంగు అక్కడున్న అందరికీ తెలుసు. సోమవారం డబ్బాలో చూసిన రంగే.

డాక్టరు కత్తి అక్కడే ఆపాడు. "కడుపు కూడా తెరవండి సార్," అంది మందక్క. ఆయన కదల్లేదు. ఆవిడే కత్తి తీసుకుని, గొర్రె కడుపులోని నాలుగు అరల్లో నట్టలుండే నాలుగో అర చీరి, లోపలి గోడ మీద కాసిన్ని నీళ్లు పోసింది. "దగ్గరికి రా అత్తా. వంగి చూడు."

గొడుగత్త గొడుగు మీద ఆనుకుని వంగింది. అన్నదమ్ములూ వంగారు. కడుపు గోడ నిండా ఎర్రటి సన్నటి పురుగులు, మెలికలు తిరుగుతూ ఇంకా కదులుతున్నాయి. తమ్ముడు నాలుగడుగులు వెనక్కి పోయి ఉమ్మేశాడు.

"ఇవి నట్టలు," అంది మందక్క. "మందు వీటిని చంపేది. ఇక్కడికి రానేలేదు కాబట్టి ఇవి హాయిగా బతికున్నాయి. మందంతా అదిగో, ఊపిరితిత్తుల్లో ఉంది. మందు గొర్రెని చంపలేదు అత్తా. తల పైకెత్తి పోశాం కాబట్టి చచ్చింది."

"పైకెందుకు ఎత్తారు?" అన్నాడు అన్న.

"ఫోటో కోసం," అంది.

డాక్టరు గొంతు సవరించుకుని, "ఇందులో కొన్ని సాంకేతికమైన..." అని మొదలుపెట్టాడు. మందక్క ఆయన వైపు తిరిగింది. "సార్, ఇక్కడ కూడా నీళ్లు నములుతారా? వీటిని చూశాక కూడా?"

"ఎత్తమన్నది ఆయన," అంది మందక్క గొడుగత్తతో. "ఎత్తింది నేను. ఎత్తకూడదని ఆయనకీ తెలుసు, ఆయనకంటే బాగా నాకు తెలుసు. మొదటిది దగ్గినప్పుడే తెలిసింది. అయినా ఇంకో పద్నాలుగు ఎత్తాను."

"తెలిసే?"

"తెలిసే."

గొడుగత్త ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. అరిచి ఉంటే మందక్కకి కాస్త తేలిగ్గా ఉండేది. అరుపులు పడటం అలవాటే, తిరిగి అరవడం ఇంకా అలవాటు. ఈ ముసలామె గొంతు మాత్రం పైకి లేవలేదు.

"తెలీనివాడు చేస్తే తిట్టి ఊరుకుంటాం. నువ్వు మా మామ ఉన్నప్పటి నుంచి ఈ దొడ్డికి వస్తున్నావు. డాక్టర్లు ఎంతమంది మారినా నేను నీ చెయ్యి చూసి గొర్రెని ఇచ్చాను. ఆ పిల్లాడి ఫోను చూసి కాదు. ఫోనులో పచ్చబొట్టు పడుతుందని నా గొర్రె మెడ విరిచావు. అదేం ఫోటోకి పనికొచ్చిందో చెప్పు. అది నవ్విందా?"

మందక్కకి తలకొట్టేసినట్టయింది. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. పైవాళ్ల సంగతి, శాతాల సంగతి, పచ్చ గుర్తు, ఎర్ర గుర్తు. అవన్నీ పొద్దున డాక్టరు గదిలో ఎంత వేడిగా అనిపించాయో, ఇక్కడ ఈ గోనెపట్టా పక్కన అంత చల్లారిపోయాయి. "పనికిరాలేదు అత్తా," అంది.

"మందు మంచిదేనా?"

"మంచిదే."

"ఒట్టు వద్దు, ఏం వద్దు. మంచిదా కాదా?"

"మంచిది. నలభైకీ ఇవాళే పడాలి. దగ్గుతున్న ఐదింటికీ సార్ సూది మందు వేస్తారు. వాటిలో ఎన్ని దక్కుతాయో చెప్పలేను."

గొడుగత్త పురుగుల వైపు ఇంకోసారి చూసింది. తర్వాత కోడలితో, "దవడ కింద నీరు దిగినవాటిని ముందు తోలుకురా," అంది. మందక్క సంచిలోంచి గన్ను తీసింది. గొర్రె తల పట్టుకోబోతే గొడుగత్త ఆవిడ చెయ్యి పక్కకి నెట్టేసింది.

"తల నేను పడతాను. మందుని నమ్ముతాను. నీ చేతిని నమ్మను."

ఆ మాట చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. తగలాల్సిందే అనుకుంది మందక్క. గన్ను మీద మోతాదు సరిచూసుకుంది.

డాక్టరు దగ్గుతున్నవాటికి సూదులు వేసి, తర్వాత తిరగేసిన బకెట్టు మీద కూర్చుని పొద్దుటి కాయితం జేబులోంచి తీసి చించేసి కొత్తది మొదలుపెట్టాడు. గాలి గొట్టంలో మందు చేరడం వల్ల మరణం అని రాసి ఆగాడు. "ఎలా చేరిందో రాయండి," అంది మందక్క గన్ను నింపుతూ. "నా పేరు రాయండి. మీ పేరు కూడా రాయండి." ఆయన పెన్ను చాలాసేపు కాయితం మీద నిలబడిపోయింది. ముందు ఆవిడ పేరు రాశాడు. తర్వాత, మిగతా అక్షరాల్లో సగం సైజుకి, తన పేరు. పెద్దాఫీసులో ఎవరి పేరు రాయాలో ఇద్దరికీ తెలీదు, ఆ ఉత్తర్వు కింద పేరంటూ ఏమీ లేదు. డాక్టరు ఫోను మాత్రం జేబులోంచి బయటికి తియ్యలేదు. ఫోను లెక్కలో ఇప్పటికీ ఆ మందలో మందు తాగిన గొర్రెలు పదిహేనే, అందులో మూడు చచ్చినవి. బాగా మేస్తున్న తొమ్మిదీ, ఇప్పుడు తాగుతున్న నలభయ్యీ తాగనట్టే. అదేం లెక్కో ఆ ఫోనుకే తెలియాలి.

అన్నదమ్ములు చేతులు విప్పుకుని, మా గొర్రెల సంగతేంటి అని డాక్టరుని అడగడం మొదలుపెట్టారు. రేపు పొద్దున్నే అన్నాడు ఆయన. ఫోటోలుంటాయా అని అడిగాడు తమ్ముడు. ఉండవు అన్నాడు, తలెత్తకుండానే.

మొదటి గొర్రె వచ్చింది, దవడ కింద నీటి సంచి ఊగుతూ. గొడుగత్త దాని మెడ కింద ఒక చెయ్యి వేసి, ముక్కు మీద అరచెయ్యి పెట్టి కిందికి అదిమింది. గన్ను మూతి పళ్ల సందులోకి పోయేదాకా మందక్క చేతినే చూస్తూ ఉంది.

"ముక్కు కింద," అంది.

"కిందే అత్తా," అంది మందక్క.

గొర్రె గుటక వేసింది. దాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకుంది. "ముక్కు కింద," అంది మళ్లీ. "కిందే అత్తా," అంది మందక్క. ఎండ తగ్గి దొడ్డి గోడ నీడ వాళ్ల మీదికి వచ్చేదాకా ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. నలభయ్యో గొర్రెకి కూడా గొడుగత్త అదే మాట అంది, మందక్క అదే జవాబు చెప్పింది.